బిడ్డ డీఎన్ఏలో దోషం లేదమ్మా

పాఠకుల ప్రశ్నలు - కిడ్నీ డాక్టరు జవాబులు

ప్రశ్న: డాక్టరమ్మకు నమస్కారం. మాది పరకాల దగ్గర పల్లె. మా బిడ్డకు 22 ఏండ్లు. హన్మకొండలో హాస్టల్‌లో ఉండి పీజీ చదువుతున్నది. పోయిన ఏడు సెలవులకు వచ్చి మాతోపాటు పత్తి ఏరింది. అప్పటినుంచి ముఖం మీద ఎర్రటి మచ్చలు, వేళ్ల కీళ్ల నొప్పులు, జుట్టు రాలుడు. ఊళ్లో ఆర్ఎంపీ దగ్గర నొప్పులకు సూదులు వేయించినం. ఈ మధ్య పొద్దున లేచేసరికి కండ్ల కింద ఉబ్బు, సాయంత్రానికి కాళ్ల వాపు. హన్మకొండలో చూపిస్తే లూపస్ అన్నరు. ఏఎన్ఏ పాజిటివ్ వచ్చింది. ‘యాంటీ డీఎస్ డీఎన్ఏ’ చాలా ఎక్కువున్నదట, సీ3 తక్కువున్నదట. మూత్రంలో ప్రొటీన్ మూడు ప్లస్సులు. క్రియాటినిన్ మాత్రం 0.8, నార్మలే. అయినా కిడ్నీలోంచి ముక్క తీసి చూడాలంటున్నరు. రిపోర్టు చూసిన మా చుట్టం ఒకాయన ‘డీఎన్ఏలోనే దోషం ఉంది, ఇది వంశపు రోగం’ అని నలుగురిలో అన్నడు. వచ్చిన సంబంధం వాళ్లు వెనక్కి పోయిన్రు. నిజంగానే మా బిడ్డ డీఎన్ఏ చెడిపోయిందా? మా ఇంట్ల ఎవరికీ లేని రోగం ఈమెకెట్ల వచ్చింది? రేపు పిల్లలకు కూడా వస్తదా? కిడ్నీ మంచిగనే పనిచేస్తుంటే ముక్క తీసుడు ఎందుకు?
- ఒక తల్లి, పరకాల మండలం

జవాబు: అమ్మా, మీ బిడ్డ డీఎన్ఏ చెడిపోలేదు. మీ చుట్టం చదివిన పరీక్ష అసలు డీఎన్ఏను చూసే పరీక్షే కాదు. డీఎన్ఏ మీదికి పోయే యాంటీబాడీలు రక్తంలో ఎంత ఉన్నాయో కొలిచే పరీక్ష అది. రిపోర్టులో ఎక్కువగా ఉన్నవి ఆ యాంటీబాడీలే. ఏఎన్ఏ కూడా అలాంటిదే, కణాల కేంద్రకం మీదికి పోయే యాంటీబాడీల పరీక్ష. శరీరాన్ని కాపాడాల్సిన రోగనిరోధక వ్యవస్థ సొంత డీఎన్ఏను పరాయిదనుకొని దాడి చేస్తున్నది. లూపస్ అంటే ఇదే. రిపోర్టులో ఒక్క వరుస చదివి నలుగురిలో ఒక ఆడపిల్ల మీద దోషం మోపడం చూస్తే నాకు చాలా బాధగా ఉంది. ఈ పేజీని ఆయనకు కూడా చూపించండి.

జబ్బు ఎలా నడుస్తుందో కొంచెం వివరంగానే రాస్తాను. ఇది తెలిస్తే గోలీలు ఎందుకు మానకూడదో, ముక్క ఎందుకు తీస్తారో మీకే తెలిసిపోతుంది.

మన ఒంట్లో ఒక్కో కణంలో దాదాపు రెండు మీటర్ల పొడవైన డీఎన్ఏ చుట్టలు చుట్టుకొని ఉంటుంది. అది ఉండాల్సిన చోటు కణం నడిమధ్యలోని కేంద్రకం. రోజూ మన ఒంట్లో వేల కోట్ల కణాలు చచ్చిపోతుంటాయి, కొత్తవి పుడుతుంటాయి. చచ్చిన కణాల్లోని డీఎన్ఏ బయట పడకముందే వాటిని తినేసే కణాలు ఉన్నాయి. ఒకవేళ బయట పడినా దాన్ని తునకలు చేసే ఎంజైములు రక్తంలో ఉన్నాయి. ఇంత పకడ్బందీ ఎందుకంటే, కేంద్రకం బయట డీఎన్ఏ కనబడితే మన రక్షణ కణాలు దాన్ని వైరస్‌దో బ్యాక్టీరియాదో అనుకుంటాయి. వైరస్ ఒంట్లోకి దూరిందని కనిపెట్టే దారుల్లో అదొకటి. ఆ దారి లేకపోతే కొన్ని వైరస్‌లను పసిగట్టడం కష్టమవుతుంది.

లూపస్‌లో ఈ శుభ్రం చేసే పని కుంటుపడుతుంది. చచ్చిన కణాలు త్వరగా తొలగిపోవు. దానికి తోడు న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాల వ్యవహారం ఒకటుంది. బ్యాక్టీరియాను పట్టడానికి అవి తమ సొంత డీఎన్ఏనే వలలాగా బయటికి విసురుతాయని 2004లో జర్మనీ శాస్త్రవేత్తలు కనిపెట్టారు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో పని అయ్యాక ఆ వల కరిగిపోతుంది. లూపస్ ఉన్న కొందరి రక్తానికి ఆ వలను కరిగించే శక్తి తక్కువగా ఉంటుందని, వాళ్లలోనే కిడ్నీ జబ్బు ఎక్కువగా కనబడుతుందని 2010లో మరో పరిశోధనలో తేలింది. అంటే బయట ఉండకూడని డీఎన్ఏ బయటే ఉండిపోతున్నది.

దాన్ని చూసి బీ కణాలు అనే తెల్ల రక్తకణాలు యాంటీబాడీలు తయారు చేస్తాయి. యాంటీబాడీ పోయి డీఎన్ఏకు అతుక్కుంటుంది. ఇక్కడే అసలు చిక్కు మొదలవుతుంది. ఒంటరిగా తిరిగే డీఎన్ఏ రక్షణ కణాల లోపలికి అంత సులువుగా పోలేదు. యాంటీబాడీ అంటుకున్న డీఎన్ఏను మాత్రం అవి ఇట్టే లోపలికి లాక్కుంటాయి. కణం లోపలి చిన్న సంచుల్లో టీఎల్ఆర్9 అనే గ్రాహకం ఉంటుంది. డీఎన్ఏ తగలగానే అది ‘వైరస్ వచ్చింది’ అని కబురు పెడుతుంది. ఆర్ఎన్ఏకు ఇలాగే టీఎల్ఆర్7 ఉంది. వెంటనే ఇంటర్‌ఫెరాన్ అనే రసాయనం పుష్కలంగా తయారవుతుంది. ఫ్లూ జ్వరంలో ఒళ్లు నొప్పులు, నీరసం రావడానికి ఈ ఇంటర్‌ఫెరాన్ కూడా ఒక కారణం. లూపస్ పిల్లలు ‘ఒంట్లో ఎప్పుడూ జ్వరం ఉన్నట్టే ఉంటది మేడం, మంచం దిగబుద్ధి కాదు’ అంటారు. ఇంట్లోవాళ్లేమో బద్ధకమని తిడతారు. అది బద్ధకం కాదమ్మా. లేని వైరస్‌తో ఆ ఒళ్లు రాత్రింబవళ్లు కొట్లాడుతున్నది. ఇంటర్‌ఫెరాన్ మళ్లీ బీ కణాలను ఎగదోస్తుంది. అవి ఇంకా యాంటీబాడీలు చేస్తాయి. ఎవరో ఒకరు మధ్యలో ఆపకపోతే ఇది తిరుగుతూనే ఉంటుంది.

మరి కిడ్నీలనే ఎందుకు పట్టింది అంటారేమో. ఒక్కో కిడ్నీలో సుమారు పది లక్షల వడపోత గుత్తులు ఉంటాయి. సన్నని రక్తనాళాలు ఉండలా చుట్టుకున్న ఈ గుత్తుల్లోంచి రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవం వడకట్టుకొని వస్తుంది. రక్తంలో తిరిగే డీఎన్ఏ-యాంటీబాడీ ముద్దలు వీటి గోడల్లో ఇరుక్కుంటాయి. కొన్నిసార్లు ముందు డీఎన్ఏ, దాన్ని చుట్టుకొని ఉండే హిస్టోన్ ప్రొటీన్లు పోయి గోడకు అంటుకుంటాయి. ఆ గోడకు ఋణావేశం, హిస్టోన్లకు ధనావేశం కాబట్టి అవి పట్టుకుంటాయి. ఆ తర్వాత యాంటీబాడీ వచ్చి వాటి మీద కూర్చుంటుంది. కొన్ని యాంటీబాడీలైతే గోడలోని ప్రొటీన్లనే డీఎన్ఏ అని పొరబడి నేరుగా పట్టుకుంటాయి.

చెరువు తూముకు చెత్త అడ్డం పడ్డట్టు కిడ్నీ మూసుకుపోతుందని చాలామంది అనుకుంటారు. అంతే అయితే నష్టం చిన్నదే. ఆ ముద్దలు ఉన్నచోట ఊరికే ఉండవు. కాంప్లిమెంట్ అనే ప్రొటీన్ల దండును పిలుస్తాయి. మీ రిపోర్టులోని సీ3 ఆ దండులోనిదే. కిడ్నీలో ఖర్చయిపోతున్నది కాబట్టే రక్తంలో తగ్గింది. దాని వెనకాలే తెల్ల రక్తకణాలు వచ్చి పడతాయి, గోడ వాస్తుంది, చిల్లులు పడుతుంది. రక్తంలో ఉండాల్సిన ప్రొటీన్ ఆ చిల్లుల్లోంచి మూత్రంలోకి జారిపోతుంది. కండ్ల కింద ఉబ్బు, కాళ్ల వాపు, మూత్రంలో నురగ అన్నీ దానివల్లే. మామూలుగా రోజు మొత్తం మీద మూత్రంలో 150 మిల్లీగ్రాములకు మించి ప్రొటీన్ పోకూడదు. మూడు ప్లస్సులంటే అంతకు ఎన్నో రెట్లు పోతున్నట్టు.

ఇదంతా ఊహ కాదు. 1948లో అమెరికాలోని మేయో క్లినిక్ డాక్టర్లు లూపస్ రోగుల ఎముక మజ్జలో ఒక వింత చూశారు. ఒక తెల్ల రక్తకణం ఇంకో కణం కేంద్రకాన్ని మింగి కూర్చుంది. డీఎన్ఏ మీద యాంటీబాడీలు ఉన్నాయని 1957లో తెలిసింది. 1967లో న్యూయార్క్‌లో కోఫ్లర్, షుర్, కుంకెల్ అనే ముగ్గురు, లూపస్‌తో పోయినవాళ్ల కిడ్నీల్లోంచి యాంటీబాడీలను విడదీసి చూశారు. రక్తంలో కంటే కిడ్నీలో డీఎన్ఏ యాంటీబాడీలు చిక్కగా చేరి ఉన్నాయి. కిడ్నీ పాడవడానికి ఇవే ముఖ్య కారణమని నమ్మడానికి గట్టి ఆధారం అలా దొరికింది. అయితే ఒక సంగతి. ఈ యాంటీబాడీలు ఎక్కువున్నా కిడ్నీలు బాగున్నవాళ్లు ఉంటారు. యాంటీబాడీలు పెద్దగా లేకున్నా కిడ్నీ దెబ్బతిన్నవాళ్లూ ఉంటారు. అందుకే రక్తం రిపోర్టు ఒక్కటి చూసి నేను మందులు నిర్ణయించను.

ఇక ముక్క సంగతి, అంటే బయాప్సీ. క్రియాటినిన్ అంటే కిడ్నీలు రక్తంలోంచి వడకట్టి బయటికి పంపే ఒక వ్యర్థం. క్రియాటినిన్ నార్మల్ ఉంటే కిడ్నీ మంచిగున్నట్టే అని మన దగ్గర గట్టి నమ్మకం. కిడ్నీలకు చాలా శక్తి అదనంగా ఉంటుంది. సగం దాకా పోయినా క్రియాటినిన్ పెద్దగా కదలకపోవచ్చు. ముఖ్యంగా సన్నగా ఉండే ఆడపిల్లల్లో. లూపస్‌లో క్రియాటినిన్ పెరిగేదాకా ఆగడమంటే మచ్చ కట్టేదాకా ఆగడమే. వాచిన గోడను మందులతో బాగు చేయొచ్చు. మచ్చ కట్టిన గోడ మళ్లీ రాదు. రోజుకు అర గ్రాము మించి ప్రొటీన్ పోతుంటే ముక్క తీసి చూడాలని ప్రపంచమంతటా వైద్యులు చెప్పే మాట. ముక్కలో కనబడే దెబ్బను బట్టి జబ్బుకు ఒకటి నుంచి ఆరు దాకా తరగతులుంటాయి. ఒకటి, రెండుకు కిడ్నీ కోసమని పెద్ద మందులు సాధారణంగా అక్కర్లేదు. మూడు, నాలుగుకు గట్టి మందులు వెంటనే మొదలుపెట్టాలి. ఐదుది కొంచెం వేరే దారి. ఆరు అంటే అంతా మచ్చే, అక్కడ ఆ మందులు వేస్తే వాటి చెడు తప్ప మేలు ఉండదు. బయటికి అందరికీ అదే వాపు, అదే నురగ. ఏది ఎవరిదో ముక్క చూస్తేనే తెలుస్తుంది.

‘కోస్తారు’ అన్న భయం వద్దు. కత్తి పని ఉండదు. బిడ్డను బోర్లా పడుకోబెట్టి కడుపు కింద దిండు పెడతాం. నడుము పైభాగంలో మత్తు సూది ఇస్తాం. అల్ట్రాసౌండ్‌లో కిడ్నీ కింది కొన చూస్తూ సూది పంపుతాం. ‘ఊపిరి బిగబట్టు బిడ్డా’ అంటాం, టక్కుమని చప్పుడు వస్తుంది, అంతే. ఆ చప్పుడుకే ఉలిక్కిపడతారని నేను ముందే ఒకసారి వినిపిస్తాను. వచ్చే ముక్క దారప్పోగు లావున, సెంటీమీటరున్నర పొడవు ఉంటుంది. ఆ తర్వాత కొన్ని గంటలు వెల్లకిలా కదలకుండా పడుకోవాలి. ఒకరోజు మూత్రం కాస్త ఎర్రగా రావచ్చు. రక్తం ఎక్కువగా పోవడం అరుదు, దానికోసమే ఆ రోజు ఆస్పత్రిలో ఉంచి బీపీ చూస్తుంటాం. ఆస్పిరిన్ లాంటి రక్తం పలచన చేసే గోలీలు ఏవైనా వాడుతుంటే ముందే చెప్పండి.

ఆ ముక్కకు రంగు పూసి చీకటి గదిలో మైక్రోస్కోపు కింద పెడితే యాంటీబాడీలు ఇరుక్కున్న చోటల్లా ఆకుపచ్చగా మెరుస్తుంది. మామూలు కిడ్నీ అయితే నల్లగా ఉంటుంది. లూపస్‌లో ఐజీజీ, ఐజీఏ, ఐజీఎం అనే మూడు రకాల యాంటీబాడీలకు, సీ3, సీ1క్యూ అనే రెండు కాంప్లిమెంట్ ప్రొటీన్లకు, మొత్తం ఐదు పరీక్షలు చేస్తే తరచుగా ఐదూ మెరుస్తాయి. వేరే కిడ్నీ జబ్బుల్లో ఇలా ఐదూ కలిసి రావడం అరుదు. వీలున్నప్పుడల్లా నేను పెథాలజీ డాక్టరు పక్కన కూర్చొని చూస్తాను. ముఖం మీద మచ్చలు పోయి, కీళ్ల నొప్పులు తగ్గి, నవ్వుకుంటూ వచ్చిన పిల్ల కిడ్నీ కూడా ఆ చీకట్లో పచ్చగా వెలుగుతూ కనబడిన సందర్భాలు ఉన్నాయి. అందుకే చెబుతున్నాను, మీ బిడ్డ ముఖం తేటపడిందని కిడ్నీ కుదుటపడిందనుకోవద్దు. మూత్రం పరీక్ష చెప్పేదే నమ్మండి.

వంశం సంగతికి వస్తాను. లూపస్ వచ్చే అవకాశాన్ని కొంచెం కొంచెం పెంచే జన్యువులు వందకు పైగా ఉన్నాయి. అవి మీలో, నాలో, మీ చుట్టంలో కూడా కొన్ని ఉంటాయి. ఒకే జన్యువు చెడి లూపస్ రావడం చాలా అరుదు. ఒకే పోలిక కవలల్లో ఒకరికి వస్తే రెండోవారికి కూడా వచ్చేది సగం కంటే తక్కువ మందిలోనే. మీ బిడ్డకు పుట్టబోయే పిల్లల్లో నూటికి తొంభై మందికి పైగా ఈ జబ్బు రాదు. రోగుల్లో పదిమందిలో తొమ్మిది మంది ఆడవాళ్లే, అదీ ఎక్కువగా పదిహేను నుంచి నలభై ఐదేండ్ల మధ్య. పైన చెప్పిన టీఎల్ఆర్7 జన్యువు ఎక్స్ క్రోమోజోము మీద ఉండటం, ఆడవాళ్లకు అవి రెండు ఉండటం ఒక కారణం. హార్మోన్లు ఇంకో కారణం. మీరు పెంచిన తీరు వల్ల కాదు, తిన్న తిండి వల్ల కాదు, ఎవరి దిష్టో తగిలీ కాదు.

పత్తి ఏరినప్పుడే మొదలైందని రాశారు. అది నిజమే అయి ఉంటుంది. ఎండలోని అతినీల లోహిత కిరణాలకు చర్మపు కణాలు చచ్చి వాటి డీఎన్ఏ బయట పడుతుంది. లోపల జబ్బు సిద్ధంగా ఉన్నవాళ్లకు అది అగ్గి రాజేస్తుంది. నేనూ భూపాలపల్లి దిక్కు పల్లెలో పత్తి చేలల్లో పెరిగినదాన్నే. అక్కడ నీడ ఎక్కడుంటుంది? ఇకమీదట ఆమెను చేనుకు తీసుకుపోవద్దు. నిండు చేతుల జాకెట్, తలకు చున్నీ, గొడుగు, ఎస్‌పీఎఫ్ 30కి తగ్గని సన్‌స్క్రీన్ అలవాటు చేయించండి. బతుకమ్మ ఆడటం మానక్కర్లేదు, పొద్దుగూకినాక ఆడమనండి.

ఆర్ఎంపీ దగ్గర నొప్పుల సూదులు మళ్లీ వేయించొద్దమ్మా. డైక్లోఫెనాక్ లాంటివి మంచి కిడ్నీనే దెబ్బతీస్తాయి, ఇది ఇప్పటికే వాచిన కిడ్నీ. జ్వరానికి పారాసిటమాల్ చాలు. పసరు మందులు, భస్మాలు అసలే వద్దు. పాదరసం, సీసం ఉన్న భస్మాలు కిడ్నీకి విషమే. ఉప్పు తగ్గించండి, అంటే తొక్కులు, అప్పడాలు, మిక్చర్ ప్యాకెట్లు పక్కన పెట్టడం. పప్పు, గుడ్డు మామూలుగా తిననివ్వండి. ప్రొటీన్ పోతున్నదని గుడ్ల మీద గుడ్లు పెట్టడం, కిడ్నీ జబ్బని అన్నీ మాన్పించి గంజి పోయడం, రెండూ తప్పే.

మందుల్లో హైడ్రాక్సీక్లోరోక్విన్ అనేది పునాది. కణం లోపలి సంచుల్లో డీఎన్ఏ కబురు మొదలయ్యే చోటనే అది అడ్డుపడుతుంది. ఏండ్ల తరబడి వాడాలి. మొదట ఒకసారి కంటి పరీక్ష, ఐదేండ్ల తర్వాత ఏడాదికోసారి చేయించాలి. కిడ్నీ పనితీరు తగ్గినవాళ్లకు ఇంకా ముందునుంచే. స్టెరాయిడ్ మంటను వెంటనే చల్లార్చుతుంది, దాన్ని నెలల్లోనే బాగా తగ్గిస్తాం. దానితోపాటు ముక్కను బట్టి మైకోఫెనోలేట్ గోలీలో, రెండు వారాలకోసారి చొప్పున ఆరుసార్లు ఎక్కించే సైక్లోఫాస్ఫమైడో ఉంటుంది. సైక్లోఫాస్ఫమైడ్ మోతాదు ఎక్కువైతే అండాశయాల మీద దెబ్బ పడుతుంది కాబట్టి పెళ్లి కావాల్సిన పిల్ల విషయంలో ఆ మాట డాక్టరును తప్పక అడగండి. ఈ ఆరుసార్ల పద్ధతిలో మోతాదు తక్కువే. బీ కణాలకు ఊపిరినిచ్చే ప్రొటీన్‌ను అడ్డుకునే బెలిముమాబ్‌ను లూపస్ కిడ్నీ జబ్బుకు అమెరికాలో 2020 డిసెంబరులో అనుమతించారు. ఇంటర్‌ఫెరాన్ దారి మూసే అనిఫ్రోలుమాబ్ 2021లో లూపస్‌కు వచ్చింది. జర్మనీలోని ఎర్లాంగెన్‌లో రోగి సొంత టీ కణాలనే (ఇంకో రకం తెల్ల రక్తకణాలు) మార్చి, బీ కణాలను తుడిచిపెట్టే చికిత్స చేశారు. 2022లో ప్రచురించిన ఆ ఐదుగురి వివరాల్లో, ఏ మందుకూ లొంగని లూపస్ సద్దుమణిగి మందులు ఆపగలిగారు. అది మన ఇంటిదాకా రావడానికి టైం పడుతుంది. మీ బిడ్డకు మాత్రం పాత మందులే చాలా మేలు చేయగలవు, టైంకు మొదలుపెడితే, మధ్యలో మానకపోతే. కిడ్నీ జబ్బు అణిగాక కూడా మొత్తం కనీసం మూడేండ్లు మందులు సాగాలి.

ఖర్చు గురించి మీరు అడగలేదు కానీ మీ మనసులో ఉండే ఉంటుంది. తెల్ల రేషన్ కార్డు ఉంటే ముక్క పరీక్షకు ముందే ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్ర దగ్గరికి వెళ్లి, ఏది ఆరోగ్యశ్రీ కిందికి వస్తుందో రాయించుకోండి. 2023 డిసెంబరులో పరిమితి 5 లక్షల నుంచి 10 లక్షలకు పెరిగింది. ముక్క పరీక్షకు తేదీ ఈ వారంలోనే తీసుకోండి. సంబంధాల మాట ఆ తర్వాత చూద్దాం, చదువు మాత్రం ఆపనివ్వకండి.

ప్రశ్న: మేడం, లూపస్ కిడ్నీ జబ్బుకు స్టెరాయిడ్ వాడితే ముఖం గుండ్రంగా ఉబ్బింది. కాలేజీలో అందరూ అడుగుతుంటే టెన్షన్‌తో పది రోజుల కింద అన్నీ ఆపేసిన. ఇప్పుడు హాయిగనే ఉంది. మళ్లీ మొదలుపెట్టాల్నా?
- ఒక విద్యార్థిని, ములుగు

జవాబు: రేపు పొద్దున్నే మీ డాక్టరు దగ్గరికి వెళ్లు బిడ్డా. ఈ పత్రిక నీ చేతికి వచ్చేసరికే ఆలస్యమై ఉంటుంది. రెండు ప్రమాదాలున్నాయి. స్టెరాయిడ్ కొన్ని వారాలు వాడితే, ఒంట్లో సహజంగా స్టెరాయిడ్ తయారుచేసే అడ్రినల్ గ్రంథులు పని మానేసి పడుకుంటాయి. గోలీ ఒక్కసారిగా ఆపితే అవి వెంటనే లేవలేవు. వాంతులు, కళ్లు తిరగడం, బీపీ పడిపోవడం జరగొచ్చు. అలా ఏదైనా కనబడితే పొద్దునదాకా కూడా ఆగకుండా ఎమర్జెన్సీకి పోవాలి, స్టెరాయిడ్ ఆపానని మొదటి మాటగా చెప్పాలి. రెండోది, హాయిగా ఉండటం కిడ్నీ సంగతి చెప్పదు. కిడ్నీ లోపలి వాపు నొప్పి పుట్టించదు. వెళ్లేటప్పుడు మూత్రంలో ప్రొటీన్-క్రియాటినిన్ నిష్పత్తి, సీ3, సీ4, క్రియాటినిన్ పరీక్షలు చేయించుకొని వెళ్లు. నీ అంతట నువ్వే పాత మోతాదు మొదలుపెట్టకు, ఎంత వేయాలో వాళ్లు లెక్క కడతారు.

ముఖం గురించి నీ బాధ నాకు చిన్నదిగా అనిపించలేదు. కాలేజీ వయసులో అద్దం చూసుకోలేకపోవడం చాలా కష్టం. స్టెరాయిడ్ తగ్గేకొద్దీ ఆ ఉబ్బు పోతుంది. మిగతా మందులు సరిగ్గా వాడితేనే స్టెరాయిడ్‌ను త్వరగా తగ్గించే వీలుంటుంది. ‘నాకు ఈ ముఖం వద్దు, స్టెరాయిడ్ తక్కువతో నడిపించే దారి చూడండి’ అని డాక్టరును ధైర్యంగా అడుగు. అలా అడిగే హక్కు నీకుంది.

ప్రశ్న: మాస్టర్ హెల్త్ చెకప్‌లో మా ఆవిడకు ఏఎన్ఏ 1:80 పాజిటివ్ అని వచ్చింది. ఏ బాధా లేదు. లూపసేనా?
- హుజూరాబాద్

జవాబు: ఏ బాధా లేకుండా, మూత్రం పరీక్ష, రక్తకణాల లెక్క, బీపీ బాగుంటే కాదు. ఆ మోతాదులో ఏఎన్ఏ ఆరోగ్యంగా ఉన్నవాళ్లలో కూడా చాలామందికి కనబడుతుంది, థైరాయిడ్ ఉన్నవాళ్లలో ఇంకా ఎక్కువ. ప్యాకేజీలో ఉచితమని ఇలాంటి పరీక్షలు చేయించుకోవద్దండి. ఏఎన్ఏను మళ్లీ మళ్లీ చేయించాల్సిన పని లేదు.

ప్రశ్న: నాకు 27 ఏండ్లు. మూడేండ్ల కింద లూపస్ కిడ్నీ జబ్బు, నాలుగో తరగతి అన్నరు. మందులతో తగ్గింది. ఏడాదిగా మూత్రంలో ప్రొటీన్ లేదు. మైకోఫెనోలేట్, హైడ్రాక్సీక్లోరోక్విన్, బీపీకి టెల్మిసార్టన్ వాడుతున్న. అత్తమ్మ వాళ్లు పిల్లల కోసం తొందర పెడుతున్నరు. ‘మందులన్నీ బంద్ చెయ్, కడుపు నిలుస్తది’ అంటున్నరు.
- నర్సంపేట

జవాబు: తల్లివి కావొచ్చమ్మా. నీ కిడ్నీ ఇంత మంచిగా నెమ్మదించింది కాబట్టి ఈ మాట సంతోషంగా రాస్తున్నాను. కనీసం ఆరు నెలలు జబ్బు అణిగి ఉండాలని మేం చూస్తాం, నీది ఏడాది దాటింది. కానీ మందులన్నీ బంద్ చేసి కాదు, మందులు మార్చి.

మైకోఫెనోలేట్ కడుపులో బిడ్డకు చెవి, పెదవి, గుండె లోపాలు తేగలదు. గర్భానికి ముందే, కనీసం ఆరు వారాల ముందు ఆపాలి. దాని బదులు అజాథయోప్రిన్ పెట్టి, జబ్బు మళ్లీ లేవడం లేదని కొన్ని నెలలు చూసుకున్నాకే గర్భం. అప్పటిదాకా జాగ్రత్త పడాలి, ఈస్ట్రోజెన్ ఉన్న గర్భనిరోధక గోలీలు మాత్రం నీకు వద్దు. టెల్మిసార్టన్‌ను గర్భం వచ్చాక కొనసాగించకూడదు, ఎప్పుడు ఆపి ఏది మొదలుపెట్టాలో ముందే మాట్లాడుకో. హైడ్రాక్సీక్లోరోక్విన్ మాత్రం ఆపొద్దు. కాన్పుదాకా, తర్వాత పాలిచ్చేటప్పుడు కూడా వాడొచ్చు. అది ఆపినవాళ్లలోనే గర్భంలో లూపస్ తిరగబెట్టడం ఎక్కువ.

గర్భానికి ముందు రెండు రక్తపరీక్షలు తప్పనిసరి. ఒకటి యాంటీ ఫాస్ఫోలిపిడ్ యాంటీబాడీలు, ఇవి ఉంటే గర్భం పోవడం, రక్తం గడ్డకట్టడం జరగొచ్చు, దానికి మందు ఉంది. రెండోది యాంటీ రో (Ro) అనే ఇంకో యాంటీబాడీ. అది ఉన్న తల్లుల పిల్లల్లో నూటికి ఒకరిద్దరికి గుండె కొట్టుకునే వేగం పడిపోవచ్చు, అందుకని స్కానింగ్‌లు ఎక్కువ చేస్తారు. మూడు నెలలు నిండేలోపే తక్కువ మోతాదు ఆస్పిరిన్ కూడా ఇస్తారు, ఎందుకంటే లూపస్‌లో గర్భంతో బీపీ పెరగడం ఎక్కువ. నెలనెలా మూత్రం పరీక్ష, బీపీ రాసిన చిన్న పుస్తకం పెట్టుకో.

ఈసారి కిడ్నీ డాక్టరు దగ్గరికి వచ్చేటప్పుడు మీ ఆయనతోపాటు అత్తమ్మను కూడా వెంట తీసుకురా. మైకోఫెనోలేట్ ఎందుకు మార్చాలో, హైడ్రాక్సీక్లోరోక్విన్ ఎందుకు ఆపకూడదో ఆమె ముందే అడుగు, ఆమె కూడా నేరుగా వింటారు. అదే రోజు కాన్పుల డాక్టరు దగ్గర కూడా పేరు రాయించుకో.